నడిచే బిళ్లకు తూటు

దంతాలపల్లి చుట్టూ ఉన్న పది తండాల్లో ఎక్కడ పెళ్లి కుదిరినా మొదటి కబురు నీలికే పోయేది. పెళ్లికూతురి కాంచళికి, అంటే లంబాడీ ఆడవాళ్లు తొడిగే అద్దాల రవికెకు, బిళ్లలు కుట్టాలంటే ఆమె చెయ్యి పడాల్సిందే. మిషను మీద కుట్టేవాళ్లు మానుకోటలో కావలసినంతమంది. కానీ పాత రూపాయి బిళ్లను ఇనుప దిమ్మె మీద పెట్టి, శీల ఆనించి, సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసి, అంచు చిట్లకుండా తూటు పొడవడం ఆమెకే చేతనయ్యేది. రెండో దెబ్బ వేయాల్సి వచ్చిందా, ఆ బిళ్లను అవతల పారేసేది. అబ్బో, ఆ పనిలో ఆమె పొగరు అంతా ఇంతా కాదు.

పని నేర్పింది నాయనమ్మ గంగి. నోరు చెడ్డది, చెయ్యి మంచిది ఆ ముసలిదానికి. గంగి తాతలు ఎడ్ల మీద ఉప్పు మూటలు వేసుకుని ఊళ్లు తిరిగినవాళ్లు. ఉప్పు ఇచ్చి జొన్నలు తీసుకునేవాళ్లు, జొన్నలిచ్చి మళ్లీ ఉప్పు తెచ్చేవాళ్లు. ఆ దారుల్లో పుట్టిన కట్టుబాట్లు చాలా ఉండేవి గంగి దగ్గర. వాటిలో రెంటిని మనవరాలి చెవిలో గట్టిగా వేసింది.

“నడిచే బిళ్లకు తూటు పెట్టకే పిల్లా. సచ్చిన బిళ్లకే పెట్టు. నడిచేదాన్ని పొడిస్తె ఉసురు తాకుతది. ఇంకోటి. దారిల ఉన్నోనికి కీడుమాట చెప్పొద్దు. ఇల్లు జేరినంక చెప్పుకో, ఎంతన్న ఏడువు.”

నడిచే బిళ్ల అంటే అంగట్లో చెల్లేది. చచ్చింది అంటే సర్కారు చెల్లదన్నది. నైజాం నాటి వెండి బిళ్లలు, తెల్లదొర తలకాయ ఉన్న బిళ్లలు, రాగి కానులు, ఇవన్నీ ఎప్పుడో చచ్చి తండా ఆడవాళ్ల ఒంటి మీద మళ్లీ మెరిసినవే. 2011 జూన్‌తో చారాణా, అంటే పావలా బిళ్ల చెల్లదని సర్కారు చెప్పినప్పుడు కిరాణా కొట్లవాళ్లు నెత్తి బాదుకున్నారు. నీలి మాత్రం సంచి పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగి, చారాణాలను కిలోల లెక్కన తెచ్చుకుంది. ఊరంతా తిట్టుకుంటుంటే నవ్వినది ఆమె ఒక్కతే.

ఇంతటి మనిషి ఆ మాట దాటింది ఒక్కసారే. అదీ తెలియక దాటింది. అయ్యో, తెలిసి చేసినా ఇంత బాధ ఉండేది కాదేమో.

నీలి పెనిమిటి తావుర్యా. పశువు కళ్లు చూసి రోగం చెప్పగల మనిషి. వరుసగా రెండేళ్లు పత్తి ఎండిపోయింది. 2009 డిసెంబర్‌లో తెలంగాణ వచ్చేసిందని ఊళ్లు గులాల్ చల్లుకుని, రెండు వారాలు తిరక్కుండానే వెనక్కి పోయిందని రోడ్లెక్కిన రోజులవి. ఆ గొడవలోనే జనగామలో ఒక ఏజెంటు తావుర్యాకు సైప్రస్ వీసా చూపించాడు. సముద్రం నడుమ దేశం, అయిదు వందల గొర్రెల దొడ్డి, కడుపు నిండా తిండి. దూరపు కొండలు నునుపు అని తండాలో పెద్దలు అంటూనే ఉన్నారు. వాళ్లకు సైప్రస్ అని సరిగా పలకడం వచ్చేలోపే అతను విమానం ఎక్కేశాడు.

ఏడాదిన్నర గడిచింది. 2011 ఆగస్టులో వెంకట్ వచ్చాడు. అతనిది భూపాలపల్లి, తండ్రి బొగ్గుగని కార్మికుడు. తావుర్యాతో పాటు అదే దొడ్డిలో పని. రెండున్నర నెలల సెలవు మీద వస్తూ, నీలికి ఇమ్మని తావుర్యా పంపిన పొట్లం తెచ్చి ఇచ్చాడు.

“అక్కా, మొదటి జీతంల వచ్చిన బిళ్లంట. ఖర్చు పెట్టలే. నీ కుట్టుల ఉండే మనిషి లెక్కున్నడని దాసిపెట్టిండు.”

పొట్లం విప్పింది. మన పది రూపాయల బిళ్లలాగే రెండు రంగులది, కాకపోతే తిరగబడ్డ రంగులు. మనదానికి నడుమ తెలుపు, చుట్టూ పసుపు. దానికి నడుమ పసుపు, చుట్టూ తెలుపు. తెల్లటి అంచు మీద పన్నెండు చుక్కలు. నడుమ ఒక గీతల మనిషి, పిల్లలు బొగ్గుతో గోడ మీద గీసినట్టు. ఒక చెయ్యి మామూలుగా ఉంది, రెండో చెయ్యి సాగి సాగి ఏదో అక్షరంలో కలిసిపోయింది. నిజమే, నీలి పావడా అంచుకు కుట్టే మనిషి అచ్చంగా అలాగే ఉంటాడు. ఆమెకు ఎంత ముచ్చట వేసిందో! పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మొగుడు ఒక్క మాట మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు సముద్రాల అవతల కూర్చుని తన కుట్టును తలుచుకున్నాడు.

దాన్ని గుండె మీద కుట్టుకోవాలనుకుంది. కానీ గంగి మాట గుర్తొచ్చింది. ఇది నడిచే బిళ్లా, చచ్చిన బిళ్లా? అడుగుదామని దంతాలపల్లి బ్యాంకుకు పోయింది. కిటికీలో మనిషి బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చాడు.

“ఇది చెల్లదమ్మా. జర పక్కకు జరుగు.”

చెల్లదు. ఆమెకు కావలసిన మాట అదే. ఇక్కడ చెల్లనిది ఇంకోచోట చెల్లవచ్చునని ఆమెకు తట్టలేదు. ఎలా తడుతుంది? ఆమె ఎరిగిన బిళ్లలన్నీ చస్తే అన్ని ఊళ్లలోనూ ఒకేసారి చచ్చినవే.

ఇంటికి వచ్చి దిమ్మె ముందు కూర్చుంది. పట్టపగలు, వాకిట్లో ఎండ. అత్త కాళి అరుగు మీద కంది చెరుగుతోంది. తెలుపూ పసుపూ కలిసే చోట శీల ఆనించి, ఎప్పటిలాగే ఒక్క దెబ్బ వేసింది. చప్పుడు ఎప్పటిలా రాలేదు. నడుమ పసుపు ముక్క ఎగిరి, వాకిలి మీద దొర్లుకుంటూ పోయి పొయ్యి బూడిదలో పడింది. దిమ్మె మీద తెల్లటి చుక్కల చుట్టు మాత్రం మిగిలింది.

ఆ బిళ్ల రెండు ముక్కలని ఆమెకు తెలియదు. బూడిద కెలికి ముక్కను పట్టుకుంది. గీతల మనిషి వెల్లకిలా ఉన్నాడు, సాగిన చేతి పక్కన శీల గాటు. చుట్టులో పెట్టి నొక్కింది. పట్టలేదు. దెబ్బకు అంచు ఎక్కడో పిసరంత ఉబ్బింది.

“ఏమైందే?” అంది కాళి.

“ఏం లేదు అత్తా. బిళ్ల జారింది.”

చుట్టును కాంచళికి కుట్టేసి, నడుమ ఖాళీలో ఒక అద్దం ముక్క బిగించింది. చూసినవాళ్లు కొత్త రకం అనుకున్నారు. పసుపు ముక్కను మాత్రం గుడ్డలో కట్టి నడుముకు వేలాడే సంచిలో వేసుకుంది. ఆనాటి నుంచి ఆమెకు కడుపునిండా తిన్న రోజు లేదు.

సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో బొగ్గు పైకి రావడం ఆగిపోయింది. దంతాలపల్లి సెంటర్‌లో దీక్షా శిబిరం వేశారు. రోజుకొక కులం, రోజుకొక ఊరు కూర్చునేది. తండాల ఆడవాళ్ల వంతు వచ్చిన రోజు నీలి అద్దాల కాంచళి తొడుక్కుని మొదటి వరుసలో కూర్చుంది. ఆమె ఎదుటే చంద్రమౌళి సారు. జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు, సమ్మెలో ఉన్నాడు. అతని చూపు ఆ చుక్కల చుట్టు మీద నిలిచిపోయింది.

“నీలమ్మా, గిది యూరో బిళ్ల చుట్టు గదా? నడుమది ఏది?”

ఆమె గుడ్డ విప్పి చూపించింది. సారు కళ్లజోడు సవరించుకున్నాడు. పాఠం చెప్పక రెండు వారాలైన మనిషి, నోరు ఊరుకుంటుందా?

“ఓహో, గిది పండుగ బిళ్ల. పన్నెండేండ్ల కింద ఐరోపల పదకొండు దేశాలు మన అందరికీ ఒకటే పైస ఉండాలె అని ఒప్పుకున్నయి. పదేండ్లు నిండినయని 2009ల పండుగ జేస్తే, అప్పటికి పదహారు దేశాలైనయి, అన్నీ గిదే బొమ్మ కొట్టినయి. వాళ్ల జనమే ఓట్లేసి ఎంచుకున్నరు. గీసింది గ్రీసు దేశపాయన. వెనుకట ఆదిమానవుడు వస్తువిచ్చి వస్తువు తీస్కున్న కాడికెళ్లి యూరో దాంక వచ్చినం అని దాని అర్థం.”

“ఉప్పిచ్చి జొన్నలు తీస్కున్నట్ట?” అంది నీలి.

“అగ్గో, అదే! మీ తాతల బొమ్మే అనుకో. కని ఏం లాభం? పండుగ జేసిన ఏడే ఇల్లంటుకున్నది. ముందుగాల అమెరికల బ్యాంకులు కూలినయి. అటెన్క గ్రీసుల కొత్త సర్కారొచ్చి, పాత సర్కారు చెప్పిన అప్పు లెక్కలు అబద్ధమని బయటపెట్టింది. పైస ఒక్కటే గని ఖజానాలు ఎవ్వలియి వాళ్లయే. తన పైస తనదైతే దాని విలువ తగ్గించుకొనన్న బతుకుతుండె గ్రీసు. ఇప్పుడా తాళంచెయ్యి దాని చేతుల లేదు.”

“కలిసుంటే గట్లనే ఉంటది సారూ!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. శిబిరం అంతా చప్పట్లు. సారు కూడా నవ్వాడు. నీలి నవ్వలేదు.

“సారూ, గీ బిళ్ల నడుస్తుందా, సచ్చిందా?”

“నడుస్తుంది, ఎందుకు నడవదు? అక్కడ నడుస్తుంది.”

ఆ మాటతో ఆమెకు శిబిరం చప్పుడు వినిపించకుండా పోయింది. అక్కడ నడుస్తుందట. నడిచే బిళ్లను తన చేత్తో పొడిచింది. అదీ మొగుడు ఉన్న దేశపు బిళ్ల. అదీ తన కుట్టులోని మనిషేనని మొగుడు పంపిన బొమ్మ.

“మరి సైప్రస్, సారూ? మా ఆయన ఆడనే ఉన్నడు.”

సారు ముఖంలో నవ్వు తగ్గింది. “సైప్రస్ బ్యాంకులు గ్రీసుకు మస్తు అప్పులిచ్చినయంటున్నరు. గ్రీసు మునిగితే వాటికి గూడ నీళ్లొస్తయి. మీ ఆయన జీతం ఏడ పెడుతుండు?”

“దొడ్డి సేటు కాడనే. వచ్చేటప్పుడు ఒక్కసారే తీస్కుంటడట.”

“అయితే తీస్కొని రమ్మను. ఆలస్యం చెయ్యొద్దు.”

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నీలి కీడు దగ్గరే ఆగిపోయింది. మొగుణ్ని ఇప్పుడు రప్పించకపోతే ఇక ఎప్పటికీ చూడబోదని ఆమెకు గట్టిగా అనిపించింది. పైసల భయం సారుది. ఆమె భయం మనిషి గురించి.

తావుర్యా ఫోను నంబరు వెంకట్ దగ్గరే ఉంది. తావుర్యా నెలకోసారి తనే చేసేవాడు, ప్రతిసారీ వేరే నంబరు నుంచి. వెంకట్ నంబరు ఆమె దగ్గర లేదు, దసరా దాటాక అతను వెళ్లిపోతాడు. అందుకే బస్సులు లేకపోయినా నీలి బయల్దేరింది. తొర్రూరు దాకా ఆటో, అక్కడి నుంచి వరంగల్‌కు ట్రాక్టర్, పరకాలలో తెలిసినవాళ్ల ఇంట్లో పడక. రెండో రోజు సగం దారి కాలినడకే. ఊరూరా రోడ్డు మీదే వంటలు, బతుకమ్మ పాటలు, డప్పులు. “అక్కా, జై తెలంగాణ!” అంటూ పిలిచి అన్నం పెట్టారు. నాలుగు ముద్దలు తిని లేచి నడిచేది. పరకాల దాటాక ఆ రోడ్డులో ఒక్క బొగ్గు లారీ ఎదురు రాలేదు. ఎప్పుడూ దుమ్ము కమ్ముకుని ఉండే రోడ్డు కడిగినట్టుంది. భూపాలపల్లిలో గని సైరన్ లేదు, షిఫ్టు మారే జనం లేరు. క్వార్టర్ల ముందు మగవాళ్లు అరుగుల మీద ఊరికే కూర్చుని ఉన్నారు. అంత పెద్ద ఊరు అంత నిశ్శబ్దంగా ఉంటే ఆమెకు ఎవరో పోయిన ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది.

వెంకట్ తల్లి గట్టమ్మ ఆమెను చూసి హడలిపోయింది. “గింత దూరం నడిచినవా బిడ్డా! కాళ్లు జూడు ఎట్ల బొబ్బలెక్కినయో!”

వెంకట్ వెంటనే నంబరు కలిపి ఫోను చేతికిచ్చాడు. ఇద్దరూ తమ తండా మాటలోనే మాట్లాడుకున్నారు. ఇక్కడ చెబుతున్నది తెలుగులో.

“ఆ పైసలు తీస్కొని వచ్చెయ్యి,” అంది నీలి.

“ఏమైందే? అవ్వ మంచిగుందా? ఎవరన్న సచ్చిండ్రా?”

“ఎవ్వలు సావలే.”

“మరెందుకు రావాలె?”

చెప్పాలి. నీ బిళ్లను నా చేత్తో నేనే సంపిన, నాకు భయమైతుంది, రా అని చెప్పాలి. ఆ మాట అంటే అతను వచ్చి ఉండేవాడేమో. కసిరేవాడు, తిట్టేవాడు, కానీ వచ్చేవాడు. గంగి చెప్పిన రెండో మాట అడ్డం పడింది. దారిలో ఉన్నవాడికి కీడుమాట చెప్పకూడదు. ఒక కట్టుబాటు తప్పి ఇంత తెచ్చుకుంది. రెండోది కూడా తప్పితే ఏమవుతుందో!

“ఊకెనే. మనసుల మంచిగ లేదు.”

తావుర్యా గట్టిగా నవ్వాడు. వెనకాల గొర్రెల అరుపులు వినిపించాయి. “మనసు మంచిగ లేదని ఇమానం ఎక్కుతర పిచ్చిదానా? ఇంకో రెండేండ్లు. వచ్చి బోరేస్త, ఇల్లు కడ్త. గ్రీసు గ్రీసని ఈడ గూడ మొత్తుకుంటున్నరు, మా సేటు బ్యాంకుకేం కాదు. అవునే, నేను పంపిన బిళ్ల పెట్టుకున్నవా?”

“పెట్టుకున్న.”

“ఎట్లున్నడు మనిషి?”

ఆమె సంచిలోని గుడ్డను పట్టుకుంది. “మంచిగున్నడు,” అంది.

ఫోను పెట్టేశాక గట్టమ్మ చాయ్ తెచ్చింది. “ఇంత దూరం వచ్చి ఏం చెప్పినవు బిడ్డా?”

“ఏం చెప్పలే అవ్వా,” అంది నీలి, చాయ్ అలాగే పట్టుకుని.

సమ్మె ముగిసింది. బొగ్గు లారీలు మళ్లీ తిరిగాయి. నీలి నెలకోసారి అంగడి రోజున చంద్రమౌళి సారు ఇంటి ముందు ఆగి అడిగేది. “సారూ, ఆ బిళ్ల నడుస్తుందా?” నడుస్తుందనేవాడు సారు. చదువురాని మనిషికి లోకం మీద ఇంత ఆసక్తేమిటని మురిసిపోయి, కాలేజీలో పిల్లలకు కూడా చెప్పేవాడు పాపం.

2013 మార్చిలో సారే ఎదురొచ్చాడు. సైప్రస్‌లో బ్యాంకులు మూశారట. పన్నెండు రోజులు తలుపులు తీయలేదు. తీశాక కూడా పెద్ద పెద్ద మొత్తాలు దాచుకున్నవాళ్ల సొమ్ములో కోత పెట్టారు. రెండు నెలల తర్వాత తావుర్యా ఫోను వచ్చింది. గొంతు అతనిది కానట్టే ఉంది.

“సేటు గొర్లన్నీ అమ్మిండు. నా జీతమంత ఆయన కాడనే పాయె. ఆయనే ఏడుస్తుంటే ఏమని అడగాలె? వెంకట్ ఇంటికి పోతున్నడు. పడవల ఇటలీ దిక్కు పోతె పని దొరుకుతదంటున్నరు.”

“వద్దు. ఇంటికి రా.”

“ఒట్టి చేతుల ఎట్ల రావాలెనే?”

“ఒట్టి చేతులతోనే రా! పైసలు ఎవలడిగిండ్రు నిన్ను? నీ బిళ్ల నేను...”

లైను తెగిపోయింది. మాట సగంలోనే మిగిలింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఏ నంబరు నుంచీ, ఏ దేశం నుంచీ ఫోను రాలేదు. జనగామ ఏజెంటు కొట్టుకు తాళం. వెంకట్ వచ్చి తలకాయ దించుకుని కూర్చుని పోయాడు. పడవ ఎక్కడం చూశాడట, దిగడం ఎవరూ చూడలేదట.

ఏడాది గడిచాక తండా పెద్దమనుషులు వచ్చారు. నీలి మోచేతుల పైన తెల్ల గాజులు అలాగే ఉన్నాయి. పెనిమిటి పోయిన ఆడది వాటిని తీసేయాలి. కన్నకొడుకు మాట, కాళే ముందుగా నోరు విప్పాల్సి వచ్చింది. “తియ్యవే నీలీ. ఎన్ని రోజులని?”

“బిళ్ల సచ్చిందని సర్కారు చెప్పాలె అత్తా. మనం అనుకుంటె సావది. సారు నడుస్తుందన్నడు,” అంది నీలి. ఎవరికీ అర్థం కాలేదు. పిచ్చిపట్టిందనుకుని లేచిపోయారు. ఆ ఎండాకాలమే ఒక పెళ్లికూతురి తల్లి మెరిసే పది రూపాయల బిళ్లలు దోసెడు తెచ్చి కుట్టమంది. నీలి వాటిని ముట్టుకోలేదు. “నడిచేటియి. తీస్కపో,” అని తలుపు వేసుకుంది.

2014 జూన్ రెండు. తెలంగాణ వచ్చిన రోజు. దంతాలపల్లి సెంటర్‌లో, ఒకప్పుడు శిబిరం ఉన్న చోటే, జెండా ఎగరేశారు. డప్పులు, గులాల్, మిఠాయి. నీలి అద్దాల కాంచళి తొడుక్కుని జనంలోంచి తోసుకుంటూ చంద్రమౌళి సారు దగ్గరకు వచ్చింది. అతని జుట్టంతా రంగులు.

“సారూ, ఆ బిళ్ల నడుస్తుందా?”

“ఇయ్యాల గూడ అదేనా నీలమ్మా!” సారు పకపకా నవ్వాడు. “నడుస్తుంది. దానికేం కాలే. బ్యాంకులు గూడ ఎప్పుడో తెరిచిండ్రు. ఆ పదహారు దేశాలకు ఇంకో రెండు కలిసినయి గూడ.”

నీలి గుండె మీది చుక్కల చుట్టును దారం తెంపి తీసింది. అద్దం ముక్క రాలి కింద పడింది. సంచిలోంచి గుడ్డ విప్పింది. రెండు ముక్కలనూ సారు అరచేతిలో పెట్టింది.

“బిళ్ల నడుస్తుందంటున్నవు. మరి నడుమ మనిషి ఏడి సారూ? పడవెక్కిండట. ఏడాదైంది.”

ఇన్నాళ్లూ ఆమె తనను ఏమి అడుగుతోందో సారుకు అప్పుడు తెలిసింది. ఏం చేయాలో తోచక, రంగు అంటిన వేళ్లతో పసుపు ముక్కను తెల్లటి చుట్టులో పెట్టి నొక్కాడు. మళ్లీ తిప్పి నొక్కాడు.

“పట్టది సారూ,” అంది నీలి. “నేను మస్తుసార్లు జూసిన.”